ఇంపోర్ట్ పూర్తయింది అంటే ఎంత పూర్తయినట్టు?

"ఏరా, ఎల్లుండే కదా నాన్నగారి తద్దినం, బ్రహ్మగారికి చెప్పావా లేదా?" అని మా అమ్మ వంటింట్లోంచి అడిగింది. నేను అప్పుడే ఆఫీస్ నుంచి వచ్చి బ్యాగ్ కింద పెడుతున్నాను, ఒక్కసారి గుండె జారిపోయింది. ఎందుకంటే ఆ తిథి నా కంప్యూటర్లో, మెయిల్ ప్రోగ్రామ్ క్యాలెండర్లో ఉంది, ఉండాలి, వారం ముందు ఒకసారి మూడు రోజుల ముందు ఒకసారి గుర్తు చేసేలా నేనే కూర్చుని పెట్టాను, మరి గుర్తు చెయ్యలేదేంటి? అమ్మకి మాత్రం గోడ మీద పంచాంగం క్యాలెండర్ ఉంది, దాని మీద ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది, ఆవిడ లెక్క తప్పలేదు. ఆ రాత్రికి రాత్రి బ్రహ్మగారికి ఫోన్ చేసి, పొద్దున్నే ఎంవీపీ కాలనీ రైతుబజార్ కి పరిగెత్తి, విజయనగరంలో తమ్ముడికి చెప్పి, ఎలాగో సమయానికి అన్నీ అమర్చుకున్నాం అనుకోండి. కానీ అమ్మ అడగకపోతే ఏమయ్యేది అన్న ఆలోచన నన్ను వదల్లేదు, కార్యక్రమం అయిన మర్నాడే కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

చూస్తే ఆ నెలలో ఏమీ లేదు. వచ్చే ఏడాది చూశా, లేదు. ఆ పై ఏడాదీ లేదు. చివరికి వెతుకుతూ వెతుకుతూ వెళ్తే 2030లో ఒక్కటి కనిపించింది. తాతగారిదీ అంతే, నాయనమ్మదీ అంతే. ముగ్గురివి ఆరేసి సంవత్సరాలకి మొత్తం 18 ఎంట్రీలు ఒక ఫైల్లో రాసి ఇంపోర్ట్ కొట్టాను, లోపలికి వచ్చినవి మూడు. మిగతా 15 ఏమయ్యాయో ఆ మెయిల్ ప్రోగ్రామ్ నాకు ఒక్క ముక్క చెప్పలేదు, ఇంపోర్ట్ పూర్తయింది అని ఒక చిన్న పెట్టె చూపించి ఊరుకుంది, నేను ఓకే నొక్కి కాఫీకి లేచాను.

ఈ పోస్ట్ మొత్తం ఆ పెట్టె గురించే. నేను విశాఖ ద్వారకానగర్లో ట్యాక్స్ ప్రాక్టీస్ చేసుకుంటాను, పాతికేళ్ళుగా పద్దులు చూస్తున్నాను, ఒక పుస్తకంలోంచి ఇంకో పుస్తకంలోకి లెక్క ఎక్కించినప్పుడు ఎన్ని ఎక్కించాం ఎన్ని ఎక్కాయి అని చూసుకోకుండా పుస్తకం మూసేస్తే మా వృత్తిలో దాన్ని పని అనరు. క్యాలెండర్ ఇంపోర్ట్ అన్నా అదే పని కదా, పాత పుస్తకం నుంచి కొత్త పుస్తకంలోకి ఎంట్రీలు ఎక్కించడం. మరి ఎన్ని ఎక్కాయో చెప్పకుండా పూర్తయింది అని ఎలా అంటారు అన్నదే నా గొడవ.

అసలు నేను డైరీలు వదిలి కంప్యూటర్ కి ఎందుకు మారానో చెప్పాలి. 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్. మా ఆఫీస్ రెండో అంతస్తులో, కిటికీ అద్దాలు పగిలిపోయి వాన లోపలికి కొట్టింది, మూడో రోజు తలుపు తీస్తే పదేళ్ళ డైరీలు తడిసి ముద్దయిపోయి ఉన్నాయి, పేజీ విడదీస్తే సిరా అంతా ఒకటైపోయింది. క్లయింట్ల తేదీలు, ఇంట్లో తిథులు, ఎవరికి ఎప్పుడు ఏం కట్టాలి అన్నీ అందులోనే. అప్పటినుంచి ఏ తేదీ అయినా కంప్యూటర్లోకి, దాని కాపీ ఒక పెన్ డ్రైవ్ లోకి. కాగితం పోయింది కాబట్టి ఫైల్ని నమ్మాను, అందుకే ఆ ఫైలు విషయంలో అంత పట్టుదల నాకు.

తిథులు చేత్తో ఎందుకు రాశావు, ఒకసారి పెట్టి ప్రతి ఏడాదీ రిపీట్ అని నొక్కొచ్చు కదా అని అడుగుతారు. అది పుట్టినరోజులకి కుదురుతుంది, తిథికి కుదరదు. ఉగాదినే చూడండి, 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30, 2026లో మార్చి 19, ఎప్పుడూ చైత్ర శుద్ధ పాడ్యమే కానీ ఇంగ్లీషు తేదీ ఎప్పుడూ ఒకటి కాదు, పైగా 2026లో అధిక జ్యేష్ఠం వచ్చి ఆ తర్వాత పండగలన్నీ ఆలస్యంగా వస్తాయి. క్యాలెండర్ ఫైల్లో రిపీట్ రూల్ ఇంగ్లీషు నెలల మీదే నడుస్తుంది. వేరే క్యాలెండర్ల మీద కూడా రిపీట్ పెట్టుకునేలా 2015లో ఆర్‌ఎఫ్‌సీ 7529 అని ఒక ప్రమాణం వచ్చింది, చైనా వాళ్ళ కొత్త సంవత్సరానికి, యూదుల తేదీలకి, ఇథియోపియా పదమూడో నెలకి అందులో ఉదాహరణలు కూడా ఉన్నాయి. అది ఆధారపడే క్యాలెండర్ల జాబితాలో ఇండియన్ అని ఒకటుంది గానీ అది ప్రభుత్వం వారి శక క్యాలెండర్, సౌరమానం, దానికి తిథులు తెలియవు. ఇన్ని కోట్ల మందిమి తిథుల మీద పండగలు చేసుకుంటాం, తిథుల మీదే పెద్దల్ని తలుచుకుంటాం, మనకి ఆ జాబితాలో చోటు లేకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. సరే, అందుకని పంతులుగారి దగ్గర ఆరేళ్ళ తేదీలు రాయించుకొచ్చి విడివిడిగా ఎంట్రీలు పెట్టడం తప్ప దారి లేదు.

ఇప్పుడు ఫైలు సంగతి. క్యాలెండర్ ఎంట్రీలు ఉండే ఈ ఫైల్ని ఐసీఎస్ ఫైలు అంటారు. ఐసీఎస్ అంటే చాలామంది అదేదో తెరవకూడని వస్తువు అనుకుంటారు, కాదండీ, లోపల ఉండేది మామూలు టెక్స్ట్. నోట్‌ప్యాడ్‌లో తెరవండి, కనిపిస్తుంది. మొదటి లైను బిగిన్ వీక్యాలెండర్, చివరి లైను ఎండ్ వీక్యాలెండర్, మధ్యలో ఒక్కో ఈవెంట్ కి బిగిన్ వీఈవెంట్ నుంచి ఎండ్ వీఈవెంట్ దాకా ఒక్కో బ్లాకు. బ్లాకులో డీటీస్టార్ట్ అంటే ఎప్పుడు మొదలు, డీటీఎండ్ అంటే ఎప్పటిదాకా, సమ్మరీ అంటే పేరు, డీటీస్టాంప్ అంటే ఎంట్రీ తయారైన టైమ్, యూఐడీ అంటే ఆ ఈవెంట్ గుర్తింపు నంబరు. ఈ రూపం 1998లో ఆర్‌ఎఫ్‌సీ 2445గా వచ్చింది, 2009లో ఆర్‌ఎఫ్‌సీ 5545గా సరిచేశారు, ఇవాళ్టికీ దాదాపు అన్ని మెయిల్ ప్రోగ్రాములూ క్యాలెండర్ ఇచ్చిపుచ్చుకునేది ఈ రూపంలోనే.

నేను చేసిందేంటంటే, ప్రోగ్రామ్ లో నాన్నగారి తిథి ఒక్కటి పెట్టి ఎక్స్‌పోర్ట్ చేసుకుని, ఆ బ్లాకునే నోట్‌ప్యాడ్‌లో ఆరుసార్లు కాపీ పేస్ట్ చేసి తేదీలు మాత్రం మార్చాను. యూఐడీ లైను అలాగే ఉండిపోయింది. అంటే ఆరు బ్లాకులకీ ఒకే గుర్తింపు నంబరు. ప్రోగ్రామ్ మొదటిది ఎక్కించుకుంది, రెండోది వచ్చేసరికి ఓహో అదే ఈవెంట్ తేదీ మారిందన్నమాట అనుకుని మొదటిదాని మీద రాసేసింది, అలా రాసుకుంటూ పోయి చివరికి 2030ది మిగిల్చింది. తాతగారిదీ నాయనమ్మదీ కూడా ఇలాగే ఒక్కొక్కటి తీసి చేశాను. ముగ్గురివీ ఆరేసి యూఐడీల చివరా ఏ ఏడాదిది ఆ ఏడాది అంకె కలిపి, పాతవి తీసేసి మళ్ళీ ఎక్కిస్తే 18కి 18 వచ్చాయి. ఇదే పరిస్థితిలో కొన్ని ప్రోగ్రాములు మొదటిది ఉంచి తర్వాతవి వదిలేస్తాయి. థండర్‌బర్డ్ లో అయితే ఇన్ని ఎంట్రీలు ముందే ఉన్నాయి కాబట్టి వదిలేశాం అని అంకెతో సహా చెప్పే మెసేజ్ ఉంది, ఆ ఒక్క వాక్యం నాకు ఆ రోజు కనిపించి ఉంటే ఈ కథే లేదు.

మా బావమరిది రుషికొండ ఐటీ సెజ్ లో పని చేస్తాడు, ఆదివారం వచ్చినప్పుడు వాడికి ఫైలు చూపించాను. "బావా, యూఐడీ అంటే ఆధార్ నంబర్ లాంటిది, ఆరుగురికి ఒకే ఆధార్ ఇచ్చి ఆరుగురూ రాలేదేంటి అంటే ఎలా, ప్రోగ్రామ్ కరెక్టే చేసింది" అన్నాడు. వాడు చెప్పినదాంట్లో నిజం ఉంది, అది ముందు ఒప్పుకోవాలి. అదే నంబరుతో మళ్ళీ వస్తే పాతదాని మీద రాయడం అనేది మంచి కోసమే పెట్టారు, ఎవరైనా మీటింగ్ టైమ్ మార్చి మళ్ళీ పంపితే కొత్తది పక్కన ఇంకోటి పుట్టకుండా పాతదే మారుతుంది, దానికి సీక్వెన్స్ అని ఒక అంకె కూడా పెరుగుతూ ఉంటుంది. అది లేకపోతే ఒకే మీటింగ్ నాలుగుసార్లు కనిపిస్తుంది. తప్పు ఫైల్లో ఉంది, రాసింది నేను, ఒప్పుకున్నాను.

కానీ నా ప్రశ్న అది కాదు కదా. 18 బ్లాకులు చదివావు, మూడు మిగిల్చావు, ఆ మాట చెప్పడానికి నీకేం అడ్డం? దానికి బావమరిది "మామూలు యూజర్ కి అంత లిస్టు చూపిస్తే కంగారు పడతారు బావా" అన్నాడు. ఇక్కడే నాకు వాడితో పడదు. కంగారు పడటం ఎప్పుడు నయం, ఇంపోర్ట్ చేసిన నిమిషంలోనా, తద్దినానికి రెండు రోజుల ముందా? మా దగ్గర ట్రయల్ బ్యాలెన్స్, అంటే పద్దులన్నీ రెండు వైపులా సరిపోయాయా అని చూసే పట్టీ, ఒక్క రూపాయి తేడా వస్తే రాత్రి పదింటిదాకా కూర్చుంటాం, ఆ రూపాయి కోసం కాదు, ఆ రూపాయి వెనకాల ఎన్ని తప్పులు దాక్కున్నాయో అని. ఎంతకీ దొరక్కపోతే ఆ మొత్తాన్ని సస్పెన్స్ ఎకౌంట్ లో పెడతాం, అంటే ఇది ఎక్కడిదో ఇంకా తెలియదు కానీ పుస్తకంలోనే ఉంది, పోలేదు, తేలేదాకా కళ్ళ ముందే ఉంటుంది. క్యాలెండర్ ప్రోగ్రాములకి కూడా అలాంటి సస్పెన్స్ ఒకటి ఉండాలి అంటాను నేను. అర్థం కాని బ్లాకుని, అనుమానం వచ్చిన బ్లాకుని పారేసే హక్కు నీకు లేదు, పక్కన పెట్టి నాకు చూపించు, ఇది ఫలానా లైనులో ఇలా ఉంది ఏం చెయ్యమంటావు అని అడుగు. ఇది పెద్ద కోరికేం కాదు, చదివే ప్రోగ్రామ్ కి ఏ బ్లాకు దగ్గర ఆగిందో తెలుస్తూనే ఉంటుంది, తెలిసింది చెప్పడమే.

ఎంట్రీలు పోవడం ఒక రకం అయితే వచ్చి తప్పు రోజున కూర్చోవడం ఇంకో రకం, ఇది ఇంకా ప్రమాదం ఎందుకంటే లెక్క చూస్తే సరిపోతుంది. నేను ఏటా క్లయింట్లకి డ్యూ డేట్ల ఫైలు పంపుతాను. గాజువాకలో హార్డ్‌వేర్ షాపాయన ఒకరు జనవరిలో ఫోన్ చేసి "సార్, త్రీబీ ఇరవయ్యో తారీఖు కదా, ఇందులో పంతొమ్మిది పొద్దున్న పదిన్నరకి చూపిస్తోంది, మారిందా?" అన్నారు. త్రీబీ అంటే నెలనెలా వేసే జీఎస్టీ రిటర్న్, దాని తారీఖు మారలేదు. మిగతా అందరికీ ఇరవైనే చూపిస్తోంది. వెళ్ళి చూశాను. షాపులో అసెంబుల్ చేయించిన సిస్టమ్, విండోస్ వేసినప్పుడు టైమ్ జోన్ అమెరికా పసిఫిక్ లో ఉండిపోయింది, గడియారం తప్పు చూపిస్తోందని ఎవరో అంకెలు మాత్రం మన టైమ్ కి తిప్పి పెట్టారు. చూడ్డానికి గడియారం కరెక్ట్, లోపల మాత్రం తను అమెరికాలో ఉన్నాననుకుంటోంది. అప్పుడు గుర్తొచ్చింది, ఆయన పంపే మెయిల్స్ నాకు ఎప్పుడూ మర్నాడు తెల్లవారుజాము టైమ్ తో కనిపించేవి, నేను పట్టించుకోలేదు. మీకెవరికైనా రేపటి టైమ్ తో మెయిల్ వస్తుంటే ఆ పంపినవాళ్ళ టైమ్ జోన్ ఒకసారి చూడమని చెప్పండి.

కానీ సగం తప్పు నా ఫైల్లో కూడా ఉంది. ఆ ఎంట్రీ తెరిస్తే మొదలు టైమ్ పంతొమ్మిదో తేదీ 183000, చివర జెడ్ అని ఉంది. ఆ జెడ్ అంటే యూటీసీ, గ్రీనిచ్ లెక్క. మన టైమ్ దానికి ఐదున్నర గంటలు ముందు, అంటే అక్కడ పంతొమ్మిది సాయంత్రం ఆరున్నర అయితే ఇక్కడ ఇరవై అర్ధరాత్రి. మీ ఫైల్లో ఎక్కడైనా 183000 జెడ్ కనిపిస్తే అది సాయంత్రం కార్యక్రమం కాదు, మన అర్ధరాత్రి, అంటే చాలావరకు రోజంతా ఉండాల్సిన ఎంట్రీని ఎవరో గంటల్లోకి మార్చేశారని అర్థం. మన ఐదున్నర ఎక్కడిదంటే 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖది, ఆ రేఖ మన తునికి పక్కనుంచే పోతుంది, విశాఖ నుంచి రాజమండ్రి రైల్లో వెళ్తే తుని దాటి అన్నవరం చేరేలోపు దాన్ని దాటేస్తాం. దేశం మొత్తం గడియారం మన ఊరి పక్క రేఖని పట్టుకుని నడుస్తుంటే మన తేదీలు మాత్రం ఎక్కడో పసిఫిక్ లెక్కలో ఒకరోజు వెనక్కి పోవడం నాకు కష్టంగా అనిపించింది.

డ్యూ డేట్ కి గంటలతో పనే లేదు. డీటీస్టార్ట్ కి వాల్యూ డేట్ అని పెట్టి ఎనిమిది అంకెల తేదీ ఒక్కటే రాస్తే దానికి టైమ్ జోన్ అంటదు, గాజువాకలో అయినా న్యూజెర్సీలో అయినా ఇరవయ్యే చూపిస్తుంది. ఇందులో ఒక మెలిక ఉంది, డీటీఎండ్ లో రాసే తేదీ ఆ ఈవెంట్ లో కలవదు, ఇరవయ్యో తారీఖున ఒక్క రోజు ఎంట్రీ అయితే ముగింపు ఇరవై ఒకటో తారీఖు అని రాయాలి. నాలుగు రోజుల పెళ్ళి మూడు రోజులే చూపిస్తోంది అంటే ముగింపు తేదీ మన అలవాటు ప్రకారం రాసేశారన్నమాట. షాపాయనకి తేదీ ఒకరోజు ముందే చూపించింది కాబట్టి సరిపోయింది, ఒకరోజు ఆలస్యంగా చూపించి ఉంటే త్రీబీ లేటు ఫీజు రోజుకి 50 రూపాయలు, కట్టాల్సిన ట్యాక్స్ మీద ఏడాదికి 18 శాతం వడ్డీ, ఆయన కష్టార్జితం.

మా అన్నయ్య న్యూజెర్సీలో ఉంటాడు, ఆదివారం వాడి పొద్దున్న తొమ్మిదింటికి ఫోన్ చేస్తాడు, వేసవిలో మనకి సాయంత్రం ఆరున్నర, వాళ్ళు నవంబర్లో గడియారం మార్చాక ఏడున్నర. ఫైల్లో న్యూయార్క్ టైమ్ జోన్ పేరు ఉంటే ఇది దానంతటదే మారుతుంది, యూటీసీలోకి మార్చి రాసి ఉంటే మారదు, అమ్మ ఆరున్నరకే వచ్చి ఫోన్ దగ్గర కూర్చుంటుంది. జోన్ పేర్లతో కూడా తంటా ఉంది, మనదే పాత ఫైళ్ళలో ఏషియా కలకత్తా, కొత్తవాటిలో ఏషియా కోల్‌కతా, విండోస్ వైపు నుంచి వచ్చినవాటిలో ఇండియా స్టాండర్డ్ టైమ్. మూడూ ఒకటే, కానీ పేరు గుర్తుపట్టని ప్రోగ్రామ్ చేతిలో పడితే ఐదున్నర గంటల తేడా వచ్చెయ్యొచ్చు. తేడా సరిగ్గా ఐదున్నర గంటలైతే ఇంకెక్కడా వెతక్కండి, జోనే.

తెలుగులో రాసేవాళ్ళకి ప్రత్యేకంగా ఒక ఇబ్బంది. ఐసీఎస్ లో ఒక లైను 75 బైట్లకి మించకూడదు, మించితే విరిచి తర్వాతి లైను ఒక ఖాళీతో మొదలుపెట్టాలి, ఆ ఖాళీని బట్టే ఇది పై లైనుకి కొనసాగింపు అని తెలుస్తుంది. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు. మనకి ప్రతి గుర్తుకీ మూడు, గుణింతానికి విడిగా, ఒత్తుకి విడిగా. తద్దినం అనే మాటే తీసుకోండి, చూడ్డానికి మూడు అక్షరాలు, లోపల త, ద, పొల్లు, ద, గుడి, న, సున్న, ఏడు గుర్తులు, 21 బైట్లు. సమ్మరీ అన్న మాటకీ కోలన్ కీ ఎనిమిది పోగా మిగిలేది 67, అందులో ఖాళీలు లేకుండా రాస్తే మన గుర్తులు 22 పట్టి ఒక్క బైటు మిగులుతుంది, ఫైలు రాసే ప్రోగ్రామ్ చూసుకోకుండా అక్కడ విరిస్తే 23వ గుర్తు మూడు ముక్కల్లో ఒకటి ఈ లైనులో, రెండు ఆ లైనులో. చదివే ప్రోగ్రామ్ ముందు లైన్లు అతికించి ఆ తర్వాత అక్షరాలు చేస్తే నష్టం లేదు, ముందే అక్షరాలు చేసేస్తే పేరు మధ్యలో నల్ల వజ్రంలో ప్రశ్నార్థకం వస్తుంది, కొన్నిసార్లు ఫైలు మొత్తమే వద్దంటుంది. అలా అని తెలుగు మానేసి ఇంగ్లీషులో రాసుకోమనే సలహా నాకు నచ్చదు. నాయనమ్మ ఆబ్దికం అని తెలుగులో చూస్తే కలిగే భావం ఇంగ్లీషు అక్షరాల్లో చూస్తే కలగదు. పేరు చిన్నగా రాసుకుని వివరం అంతా డిస్క్రిప్షన్ లో పెట్టుకుంటే పేరు వరకైనా నిలుస్తుంది.

పేర్లన్నీ వరసగా ప్రశ్నార్థకాలైపోయి ఉంటే మాత్రం అది వేరే రోగం, నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్, అంటే అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి, తెలుగు పట్టని యాన్సీ అని ఉండిపోయింది. 2019లో వచ్చిన విండోస్ 10 1903 వెర్షన్ నుంచి యూటీఎఫ్-8 తనే పెట్టుకుంటోంది, అంతకు ముందువాటిలో మనమే మార్చాలి. అలా ప్రశ్నార్థకాలుగా సేవ్ అయిన ఫైల్లోంచి తెలుగు మళ్ళీ రాదు, అందుకే అసలు ఫైల్ని ఎప్పుడూ ముట్టుకోకండి, కాపీ తీసుకుని దాని మీద పని చెయ్యండి. అదే పాత నోట్‌ప్యాడ్ యూటీఎఫ్-8 అంటే ఫైలు మొదట్లో బామ్ అనే కనపడని మూడు బైట్లు కూడా పెట్టేది, కొన్ని ప్రోగ్రాములు వాటిని చూసి మొదటి లైను బిగిన్ వీక్యాలెండర్ కాదు అని ఫైల్నే తిప్పి పంపుతాయి. ఇక విండోస్ ఎక్స్‌టెన్షన్లు దాచేస్తుంది కాబట్టి పేరు చివర ఐసీఎస్ తర్వాత టీఎక్స్‌టీ ఉందేమో చూసుకోవాలి. గూగుల్ క్యాలెండర్ నుంచి అన్నీ కలిపి ఎక్స్‌పోర్ట్ చేస్తే వచ్చేది జిప్, దాన్ని విప్పి లోపలి ఐసీఎస్ ని ఇవ్వాలి, జిప్ ని ఇస్తే మెయిల్ ప్రోగ్రాములు మామూలుగా తీసుకోవు. నా దగ్గరికి ఇంపోర్ట్ అవ్వట్లేదు సార్ అని వచ్చేవాళ్ళలో ఎక్కువమంది సమస్య ఈ జిప్పే, రెండు నిమిషాల పని.

ఎక్సెల్ నుంచి సీఎస్‌వీగా తెచ్చేవాళ్ళు తేదీలు నెల ముందా రోజు ముందా చూసుకోండి, 05/06 అంటే మనకి జూన్ ఐదు, అవతలివాళ్ళకి మే ఆరు, పన్నెండు దాటిన తేదీలు ఎర్రర్ ఇస్తాయి కాబట్టి తెలుస్తుంది, పన్నెండు లోపువి నెమ్మదిగా తప్పు నెలలో కూర్చుంటాయి.

మరి ఏం చెయ్యాలి అంటే, నేను ఇప్పుడు చేసేది చెప్తాను. ఇంపోర్ట్ కి ముందు ఫైల్ని నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ లో తెరిచి బిగిన్ వీఈవెంట్ ఎన్నిసార్లు ఉందో కౌంట్ తీసుకుని కాగితం మీద రాసుకుంటాను. ప్రోగ్రామ్ లో ట్రయల్ అని ఒక ఖాళీ క్యాలెండర్ కొత్తగా పెట్టి ముందు దాంట్లోకే ఎక్కిస్తాను, ఉన్నదాంట్లోకి ఎప్పుడూ కాదు, ఎందుకంటే తేడా వస్తే ఖాళీదాన్ని ఒక్క నొక్కుతో తీసేయొచ్చు, ఉన్నదాంట్లో కలిసిపోతే ఏరుకోవడానికి రోజు పడుతుంది. ఎక్కించాక లిస్టు వ్యూలో లెక్కపెట్టి కాగితం మీది అంకెతో కలుపుతాను. కలవకపోతే ఫైల్ని సగం చేస్తాను, మొదటి బిగిన్ వీఈవెంట్ పైనున్న లైన్లూ చివరి లైనూ రెండు సగాలకీ ఉంచి బ్లాకులు సగం ఇటు సగం అటు, ఏ సగంలో తేడా ఉందో దాన్ని మళ్ళీ సగం, అలా వంద ఎంట్రీలున్నా ఏడుసార్లలో తప్పు బ్లాకు చేతికి దొరుకుతుంది. బ్యాంకు రీకన్సిలియేషన్ లో, అంటే మన పుస్తకాన్ని బ్యాంకు లెక్కతో పోల్చేటప్పుడు, తేడా పట్టేది కూడా ఇలాగే, నెలని సగాలు చేసుకుంటూ.

పాత సిస్టమ్ చచ్చిపోయింది, ఎక్స్‌పోర్ట్ తీసుకోలేదు అంటే కూడా ఆశ వదలొద్దు. హార్డ్ డిస్క్ బతికుంటే చాలు. థండర్‌బర్డ్ అయితే ప్రొఫైల్ ఫోల్డర్లో క్యాలెండర్-డేటా అని ఒక ఫోల్డర్, దాంట్లో లోకల్ డాట్ ఎస్‌క్యూలైట్ అనే ఫైలు, కంప్యూటర్లోనే పెట్టుకున్న క్యాలెండర్లు అందులోనే ఉంటాయి. ప్రొఫైల్ మొత్తం కొత్తదాంట్లోకి తెచ్చుకుంటే తిరిగి వస్తాయి. గోపాలపట్నంలో ఒక పెద్దాయనకి అలా తెచ్చిపెట్టాను, వాళ్ళావిడ మందుల తేదీలన్నీ వచ్చాయి, ఆయన నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఇంకొకటి, ఇంపోర్ట్ అంటే జిరాక్స్ కాపీ. అసలు మారినా కాపీ మారదు. డ్యూ డేట్లు ప్రభుత్వం పొడిగిస్తూ ఉంటుంది, ఇంపోర్ట్ చేసుకున్నవాళ్ళకి పాత తేదీయే ఉంటుంది. లింకు ఇచ్చి సబ్‌స్క్రైబ్ చేసుకోమంటే ఇంటికి పేపర్ వేయించుకున్నట్టు, మార్పు దానంతటదే వస్తుంది, వెంటనే రాదు గానీ వస్తుంది. మారే తేదీలకి లింకు, మారని తిథులకి ఫైలు అని నేను గీత గీసుకున్నాను.

ఈ ఏడాది క్లయింట్లకి ఫైలు పంపేటప్పుడు మెయిల్ లో మొదటి వాక్యమే ఇలా రాశాను: ఈ ఫైల్లో 44 తేదీలు ఉన్నాయి, మీకు 44 కనిపించకపోతే నాకు ఫోన్ చెయ్యండి. ఆర్ వన్ అనే అమ్మకాల జీఎస్టీ రిటర్న్లు పన్నెండు, త్రీబీ పన్నెండు, టీడీఎస్ అంటే చెల్లింపుల్లో ముందే కోసిన పన్ను కట్టేవి పన్నెండు, అడ్వాన్స్ ట్యాక్స్ నాలుగు, టీడీఎస్ రిటర్న్లు నాలుగు. ప్రోగ్రామ్ చెప్పని లెక్క నేను చెప్తే సరిపోతుంది కదా అని. అంతమందిలో ఫోన్ చేసింది ఒక్కరే, ఆ గాజువాక షాపాయనే.

"సార్, వేలు పెట్టి లెక్కపెట్టాను, నలభై మూడే ఉన్నాయి."

మీ దగ్గర డిసెంబర్ 15 ఉందా అన్నాను. లేదన్నారు. నా ఫైలు తెరిచి చూస్తే అడ్వాన్స్ ట్యాక్స్ మూడో వాయిదా డిస్క్రిప్షన్ మధ్యలో నేను చలానా గురించి ఒక మాట కలిపి ఎంటర్ కొట్టాను, ఆ రెండో లైను ముందు ఖాళీ లేదు, దాంతో ఆయన ప్రోగ్రామ్ ఆ ఒక్క బ్లాకునీ చప్పుడు లేకుండా వదిలేసింది. ఎంటర్ తీసి, దాని బదులు కొత్త లైను అని చెప్పే బ్యాక్‌స్లాష్ ఎన్ గుర్తు పెట్టి, అందరికీ మళ్ళీ పంపాను. అరగంటకి ఫోన్ వచ్చింది.

"ఇప్పుడు సరిపోయాయి సార్, నలభై నాలుగు."